షోరూముకు ముందు గేములో నాలుగు సాయంత్రాలు: కారు ఎంచుకోవడం ఎలా

టెస్ట్ డ్రైవ్ ఎలా జరుగుతుందో ఒక్కసారైనా షోరూముకు వెళ్లినవాళ్లకు తెలుసు. పక్క సీట్లో సేల్స్ కుర్రాడు, ముందే చల్లబరిచి ఉంచిన ఏసీ, మెల్లగా పాట. మా తిరుపతి రేణిగుంట రోడ్డులో చదునుగా రెండు కిలోమీటర్లు పోయి, యూటర్న్ కొట్టి వెనక్కి వస్తాం. "ఎలా ఉంది సార్?" అంటాడు. "బాగుంది" అంటాం. ఆ రెండు కిలోమీటర్లలో బాగుండని కారు నేనింతవరకూ చూడలేదు.

నా మొదటి కారు అలా కొన్నదే. కొన్న మూడో నెలలో ఐదుగురం, డిక్కీ నిండా సామాను, మదనపల్లెలో పెళ్లికి బయల్దేరాం. భాకరాపేట ఘాట్‌లో ముందు సిమెంటు లారీ. దాన్ని దాటుదామంటే మూడో గేరులో బండి లాగదు, రెండో గేరులో అరుపే తప్ప కదలిక లేదు. ఏసీ కట్టేసి, కిటికీలు దించి, లారీ పొగ పీలుస్తూ పైకి చేరాం. "కొనేటప్పుడు ఇది చూడలేదా?" అని మా ఆవిడ అడిగింది. ఎక్కడ చూస్తాను?

రెండో కారు కొనే వేళకు చూసే చోటు దొరికింది. అది మా అక్క కొడుకు గదిలో ఉన్న ప్లేస్టేషన్. నేను ఆడేవాణ్ణి కాదు, ఇప్పుడూ కాదు. కానీ ఒక సంగతి అర్థమైంది. ఏ కారు కొనాలో గేము చెప్పదు. కారులో మీకు ఏది అవసరమో, ఏది కాదో మాత్రం తేల్చి పెడుతుంది. ఒకే ఎక్కుడు ఇరవై సార్లు ఎక్కి, ప్రతిసారీ ఒక్క సంగతి మాత్రమే మార్చి చూడటం బయట ఎవరికీ కుదరదు. అక్కడ కుదురుతుంది. నేను చేసిన పద్ధతి ఇది, మీ వీలును బట్టి మార్చుకోండి.

మొదట కాగితం

గేము ఆన్ చేయకముందే ఒక కాగితం మీద మీ రోడ్లు రాయండి. కార్ల పేర్లు కాదు, రోడ్లు. నావి ఇలా ఉన్నాయి: రోజూ బైరాగిపట్టెడ నుంచి ఆఫీసుకు, దారిలో పిల్లల స్కూలు. నెలకోసారి తిరుమల కొండకు. రెండు నెలలకోసారి భాకరాపేట మీదుగా మదనపల్లె. ఏడాదికి రెండుసార్లు చిత్తూరు, పలమనేరు మీదుగా బెంగళూరు, అంటే మొగిలి ఘాట్. ఇక మా ఇంటి సందు: ఎదురింటివాళ్ల రెండు బైకులు, ఒక నీళ్ల ట్యాంకు పోగా మిగిలిన చోటు.

ప్రతి రోడ్డు పక్కన ఎంతమంది కూర్చుంటారో కూడా రాయండి. ఆఫీసుకు ఒక్కడినే, మదనపల్లెకు ఐదుగురం. ఈ రెండు అంకెల మధ్య తేడానే నా మొదటి కారును ముంచింది.

ఏ గేము?

ఫోన్లో ఆడే రేసు గేములు దీనికి పనికిరావు. వాటిలో కారుకు బరువే ఉండదు, మలుపులో తిప్పితే బొమ్మ తిరిగినట్టు తిరుగుతుంది. ఫోర్జా హొరైజన్ సరదాగా ఉంటుంది కానీ తప్పు చేసినా పెద్దగా కోప్పడదు. మనకు కోప్పడేది కావాలి.

ప్లేస్టేషన్ ఉంటే గ్రాన్ టురిస్మో 7. 1997లో మొదటి గ్రాన్ టురిస్మో వచ్చినప్పటి నుంచీ ఆ గేములో రేసు కార్ల పక్కనే జపాన్ వాళ్లు కూరగాయలకు వేసుకెళ్లే మామూలు కార్లు కూడా ఉంటున్నాయి. మనకు కావలసినవి అవే. కంప్యూటర్ ఉంటే అసెట్టో కోర్సా, లేదా బీమ్ఎన్‌జీ డ్రైవ్. రెండోదానికి కాస్త గట్టి కంప్యూటర్ కావాలి, కానీ నెమ్మదిగా నడపడానికి దాన్ని మించింది నాకు దొరకలేదు.

అసెట్టో కోర్సాలో అభిమానులు తయారుచేసిన కార్లు బోలెడు వేసుకోవచ్చు. మన వీధిలో కనిపించే కారు కూడా ఒకటి దొరికిందని మురిసిపోకండి. పైన కనిపించే ఆకారం మాత్రమే ఆ కారుది, లోపలి లెక్కలు వేరే కారువి అయ్యుండొచ్చు.

స్టీరింగ్ వీల్ సెట్టు కొనాలా అని అడుగుతారు. వద్దు. ఎవరి దగ్గరైనా ఉంటే ఒక పూట అరువు తెచ్చుకోండి. ఈ పనికోసం పాతికవేలు పెట్టే బదులు ఆ డబ్బు ఇన్సూరెన్సుకు పనికొస్తుంది. చేతిలో పట్టుకునే కంట్రోలర్ చాలు.

సెట్టింగులు మార్చకపోతే అంతా వృథా

గేము మిమ్మల్ని మంచి డ్రైవరుగా చూపించాలని చూస్తుంది. ఆ సాయాలన్నీ తీసేయండి. రోడ్డు మీద గీసే రంగు గీత, తనంతట తాను బ్రేకు వేయడం, చక్రం జారకుండా, బండి అదుపు తప్పకుండా పట్టే ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ సాయం అన్నీ ఆఫ్. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఒక్కటి ఉంచండి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే ప్రతి కొత్త కారుకూ అది తప్పనిసరి, కాబట్టి మీరు కొనే దానిలోనూ ఉంటుంది. గేర్లు మాన్యువల్. కెమెరా కారు లోపలి నుంచి, డ్రైవరు కంటితో చూసినట్టు. వెనక నుంచి కారును చూస్తూ నడిపితే వెడల్పు, అంచులు, ముందు అద్దం పక్క స్తంభం వెనక దాక్కునే బైకు, ఇవేవీ తెలియవు.

ఇంకొక చిన్న కిటుకు: జపాన్ కార్లను ఎంచుకోండి. వాళ్లూ మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్టీరింగ్ కుడివైపే ఉంటుంది. యూరప్ కారులో కూర్చుంటే గేరు కుడి చేతికి వచ్చి అరగంట తికమక పడతారు.

ఏ కార్లు నడపాలి

ఫెరారీ జోలికి పోకండి. పోతారని నాకు తెలుసు, నేనూ ఒక సాయంత్రం పోయాను. అది అయ్యాక ఇటు రండి.

గ్రాన్ టురిస్మో 7 మొదట్లోనే మూడు చిన్న కార్లు చూపించి ఒకటి కొనుక్కోమంటుంది: టయోటా ఆక్వా, హోండా ఫిట్, మాజ్దా డెమియో. రేసు పిల్లలు వీటిని రెండు రోజుల్లో మర్చిపోతారు, మనకు మాత్రం బంగారం. హోండా ఫిట్ అంటే మనకు జాజ్ పేరుతో వచ్చిన కారే. ఇప్పుడది మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. గేములో ఉన్నది హైబ్రిడ్, మన దగ్గర అమ్మింది మామూలు పెట్రోలు, డీజిలు, కాబట్టి ఇంజిన్ సంగతి పక్కనపెట్టి ఆకారం, మలుపులో తీరు మాత్రం గమనించండి. డెమియోలో ఉన్నది లీటరున్నర డీజిల్. డీజిల్ లాగుడు ఎలా ఉంటుందో తెలియని పెట్రోలు మనిషికి అది మంచి పాఠం. స్విఫ్ట్ స్పోర్ట్ కూడా ఉంది, మన స్విఫ్ట్‌కు బలమైన అన్న.

మీరు కొనాలనుకున్న కారు గేములో ఉండదు, చాలా మటుకు. ఫర్వాలేదు. బ్రోచర్‌లో మూడు అంకెలు చూసుకోండి: పవర్, టార్క్ (అంటే ఇంజిన్ తిప్పే బలం), బరువు. గేములో ప్రతి కారుకూ అవే అంకెలు ఉంటాయి. దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకోండి.

మొదటి సాయంత్రం: ఎక్కుడు

నా కథ మొదలైంది ఇక్కడే కాబట్టి దీనికి ఎక్కువ సమయం పెట్టాను. మీరూ పెట్టండి.

జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్ అని ఒక ట్రాక్ ఉంది. దాని ఉత్తరపు చుట్టు 1927లో కొండల మధ్య వేసింది, పొడవు 20.8 కిలోమీటర్లు. ఇంచుమించు మన తిరుమల ఘాట్ రోడ్డంత. ఎత్తుపల్లాల తేడా మూడు వందల మీటర్లు. గ్రాన్ టురిస్మోలోనూ అసెట్టో కోర్సాలోనూ ఉంది. అందులో బెర్గ్‌వెర్క్ అనే మలుపు దాటాక కారుసెల్ అనే గిన్నెలాంటి మలుపు దాకా ఒకటే ఎక్కుడు. మీ ప్రయోగశాల అదే.

రేసు పెట్టకండి. ఒంటరిగా వెళ్లండి. ఆ ఎక్కుడులో 40 వేగంతో మూడో గేరులో ఉండి, పూర్తిగా తొక్కి, 80 చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. లారీని దాటడమంటే ఇదే. నేను అలా పాకుతుంటే మా వాడు వెనక నిలబడి "మామా, నిన్ను ఆటో కూడా దాటిపోతుంది" అన్నాడు. పట్టించుకోకండి.

ఇప్పుడు అసలు పని. గ్రాన్ టురిస్మో ట్యూనింగ్ షాపులో కొద్ది క్రెడిట్లకే (గేము డబ్బు) బ్యాలస్ట్ దొరుకుతుంది, అంటే కారులో అదనపు బరువు. 200 కిలోల దాకా పెంచుకోవచ్చు, దాన్ని ముందుకో వెనక్కో జరపొచ్చు. రేసువాళ్లకు అది శిక్ష, మనకు కుటుంబం. బరువు మొత్తం పెట్టి, వెనక్కి జరిపి, అదే ఎక్కుడు మళ్లీ ఎక్కండి. సెకన్లు రాసుకోండి. మలుపులో ముక్కు తేలికై, తిప్పినంత తిరగకపోవడం కూడా గమనిస్తారు. డిక్కీ నిండితే జరిగేది అదే.

దీని వెనక లెక్క సులువు. ఇప్పటి స్విఫ్ట్ పవర్ 82 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) దగ్గర, బరువు సుమారు 920 కిలోలు. ఖాళీగా ఉంటే టన్నుకు 89 పీఎస్. ఐదుగురూ సామానూ కలిపి 350 కిలోలు వేసుకుంటే అదే కారు టన్నుకు 65కు దిగిపోతుంది. కారు చెడ్డదని కాదు. ఒక్కడు నడిపేటప్పుడు హుషారుగా ఉన్న ఏ చిన్న కారైనా ఐదుగురితో వేరే కారు అయిపోతుంది. షోరూములో మనం నడిపేది ఖాళీ కారు.

ఆ తర్వాత డెమియో డీజిల్‌తో అదే ఎక్కుడు. గేరు మార్చకుండానే లాగడం తెలుస్తుంది. క్రెటా బ్రోచర్ చూడండి: 1.5 పెట్రోలుకు 115 పీఎస్, 1.5 డీజిల్‌కు 116 పీఎస్. రెండూ ఒకటే కదా అనుకుంటాం. కింద గీత చదవండి: టార్క్ పెట్రోలుకు 144 న్యూటన్ మీటర్లు, డీజిల్‌కు 250. ఘాట్‌లో తక్కువ వేగంలో బండిని లాగేది ఆ రెండో అంకె. బ్రోచర్‌లో ఎన్నిసార్లు చదివినా ఎక్కని సంగతి అరగంట ఎక్కుడులో ఎక్కింది. మీ కాగితం మీద ఘాట్ రోడ్లు లేకపోతే, అంతా ఊళ్లోనే అయితే, ఈ డీజిల్ మోజు మీకు అక్కర్లేదని కూడా ఇక్కడే తేలుతుంది.

రెండో సాయంత్రం: వాన, బ్రేకు

మనకు వాన అంటే నవంబరు. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో ఎవరూ మర్చిపోలేదు. గ్రాన్ టురిస్మోలో వాతావరణం వాన పెట్టండి. ముందు చక్రాలతో లాగే కారు ఒకటి, వెనక చక్రాలతో తోసే కారు ఒకటి తీసుకుని, ఒకే మలుపులో కాస్త ఎక్కువ వేగంతో దూరండి. మొదటిది తిప్పినా తిరగకుండా నేరుగా పోతుంది. రెండోది తోక విదిలిస్తుంది. యాక్సిలరేటర్ వదిలితే మొదటిది చాలాసార్లు దారికొస్తుంది. రెండోది అప్పుడే ఇంకా గిర్రున తిరిగిపోవచ్చు.

మన చిన్న కార్లు దాదాపు అన్నీ ముందు చక్రాలవి. బొలెరో, స్కార్పియో ఎన్, ఇన్నోవా క్రిస్టా లాంటివి వెనక చక్రాలతో నడుస్తాయి. చిన్న కారు నుంచి నేరుగా పెద్ద బండికి మారేవాళ్లు ఈ తేడాను వానలో, గేములో, ఎవరికీ దెబ్బ తగలని చోట ఒకసారి చూసుకోవడం మంచిది.

బ్రేకు పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. పొడి రోడ్డు మీద 40లో ఒకసారి, 80లో ఒకసారి పూర్తిగా తొక్కండి. 40కి తొమ్మిది మీటర్ల దగ్గర ఆగేది 80కి ముప్పై ఆరు మీటర్లు తీసుకుంటుంది. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. మీ కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు పోయే దూరం దీనికి అదనం.

మూడో సాయంత్రం: సందు, ఆవిడ

బీమ్ఎన్‌జీలో ఇటలీ అనే మ్యాపు ఉంది. ఇరుకు సందులు, రాతి గోడలు, తిరుపతిలో గాంధీ రోడ్డు వెనక వీధుల్లా మనిషి ఒదిగి నిలబడాల్సిన మలుపులు. అందులో కోవెట్ అనే చిన్న కారు, రోమర్ అనే పెద్ద ఎస్‌యూవీ ఉన్నాయి. రెండూ కల్పిత కార్లే, అయినా వాటి బరువూ ఊగడమూ నమ్మేలా ఉంటాయి. రెండింటినీ అదే సందులో ముందుకూ వెనక్కూ నడపండి. స్పీడు ఇరవై దాటనివ్వకండి.

ఇంట్లో కారు నడిపే ప్రతి మనిషినీ కూర్చోబెట్టండి. నాకు పెద్ద ఎస్‌యూవీ మీద మనసు. మా ఆవిడ రోమర్‌ను రివర్సులో మూడుసార్లు గోడకు కొట్టి, కంట్రోలర్ నా ఒళ్లో పెట్టి, "మన సందులోకి ఇది రాదు, స్కూలు దగ్గర నేను తిప్పలేను" అంది. ఒక్క మాటతో మా జాబితాలో రెండు కార్లు పోయాయి. ఆ మాట లక్షలు పోసి కొన్నాక విని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే టెన్షన్.

బీమ్ఎన్‌జీలో గుద్దితే రేకు నిజంగా నలిగినట్టు నలుగుతుంది. దాన్ని చూసి భద్రత అంచనా వేయకండి. దానికి కార్లను గుద్దించి నక్షత్రాలిచ్చే మన దేశపు పరీక్ష, భారత్ ఎన్‌క్యాప్ ఉంది, 2023 అక్టోబరు నుంచి నడుస్తోంది. మీరు అనుకున్న కారుకు ఎన్ని నక్షత్రాలు వచ్చాయో అక్కడ చూడండి.

గేము ఎక్కడ అబద్ధం చెబుతుంది

సీటు గురించి ఏమీ చెప్పదు. గుంతల్లో వీపు సంగతి చెప్పదు. మే నెల తిరుపతి ఎండలో మధ్యాహ్నం పార్కింగులో కాలిపోయిన కారు చల్లబడటానికి ఎంత సేపు పడుతుందో చెప్పదు. మైలేజీ అసలే చెప్పదు.

గేములో ఆటోమేటిక్ గేరు కన్ను మూసి తెరిచేలోపు మారుతుంది. మన దగ్గర చవకగా దొరికే ఏఎంటీ, అంటే మామూలు గేర్‌బాక్సులో గేర్లను యంత్రమే మార్చే ఆటోమేటిక్, అలా ఉండదు. మారేటప్పుడు ఒక కుదుపు, ఎక్కుడులో ఒక క్షణం ఆలోచన. ఏఎంటీ కొనాలనుకుంటే గేమును నమ్మి మార్కులు వేయొద్దు.

దిగుడు సంగతి మరీ ముఖ్యం. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. రెండో గేరులో వేసి ఇంజినుతోనే వేగం ఆపాలి. చాలా గేముల్లో మామూలు కార్లకు ఈ వేడి సరిగ్గా కనిపించదు, కాబట్టి అక్కడ దర్జాగా బ్రేకు మీద దిగి పాడు అలవాటు చేసుకోకండి. తిరుమలకు 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే వాడుతున్నాం. దాని వంపులు తెలిసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఇంట్లో పిల్లలుంటే ఒక మాట ముందే చెప్పండి: గేము వేగం గేములోనే. కొండకు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు చెక్‌పోస్టుల మధ్య ఇంత సమయానికి ముందు చేరకూడదన్న నియమం ఊరికే పెట్టలేదు.

నాలుగో సాయంత్రం: కాగితం మళ్లీ

మొదటి కాగితం తీసి ప్రతి రోడ్డు పక్కన ఏం తేలిందో రాయండి. నాది ఇలా వచ్చింది: "టార్క్ ఎక్కువ కావాలి. పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. రివర్సు కెమెరా ఉండాలి. ఫోర్ వీల్ డ్రైవ్ అక్కర్లేదు. సన్‌రూఫ్ అక్కర్లేదు." చివరిది గేములో తేలింది కాదు, నా సొంత చిరాకు.

ఇక షోరూముకు వెళ్లండి. ముందే ఫోన్ చేసి "ఐదుగురం వస్తాం, అందరం ఎక్కుతాం" అని చెప్పండి. కొంచెం నసుగుతారు. పట్టు వదలకండి, గేములో బ్యాలస్ట్ పెట్టింది ఇందుకే. రేణిగుంట రోడ్డు చదును మీద సంతృప్తి పడకుండా చంద్రగిరి వైపు తీసుకెళ్లమనండి. 40 నుంచి 80 పరీక్ష ఖాళీ రోడ్డు దొరికితే, వేగ పరిమితిలోపే చేయండి, ఏసీ పూర్తిగా పెట్టి. ఏఎంటీ అయితే ఎవరిదైనా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద సగంలో ఆపి, మళ్లీ కదిలించండి, వెనక్కి ఎంత జారుతుందో చూడండి. ఐదుగురితోనే ఒక పెద్ద స్పీడ్ బ్రేకరు దాటండి. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ కారు అడుగుకూ మధ్య ఖాళీ) 163 మిల్లీమీటర్లు, క్రెటాది 190 అని కాగితం చెబుతుంది, కానీ అది వెనక ముగ్గురు ఎక్కకముందు లెక్క. చివరగా మీ సందులోకి తెప్పించి రివర్సు పెట్టించండి. మీ ఆవిడ చేత.

మేం అలా రెండు కార్లు తెప్పించాం. గేము లెక్క ప్రకారం మొదటిది అన్ని పరీక్షల్లో ముందుంది, నేను మనసులో రంగు కూడా అనుకున్నాను. చంద్రగిరి కోట దాకా వెళ్లి వచ్చాక వెనక సీట్లోంచి మా అమ్మ దిగుతూ నడుం పట్టుకుంది. "బండి బాగానే ఉందిలే నాయనా, ఈ సీట్లో మదనపల్లె దాకా కూర్చోవాలంటే నేను బస్సులో వస్తాను" అంది. సేల్స్ కుర్రాడు నా వైపు చూశాడు. రెండో కారు తాళం ఇవ్వమన్నాను.